అక్క వదిలిన బ్రాంచి

ఏటా తొలకరికి అటూ ఇటూగా పాలిటెక్నిక్ కౌన్సెలింగ్ మొదలవుతుంది. సర్టిఫికెట్లు సరిచూసే డ్యూటీ మా కాలేజీలో లెక్చరర్లందరికీ తప్పదు. వాన ఇంకా పడదు, విజయవాడ ఎండ తగ్గదు, హాలంతటికీ ఒకటే కూలరు. టేబుల్ అవతల పదో తరగతి పాసైన అమ్మాయి, పక్కన వాళ్ళ నాన్న కూర్చుంటారు. నేను అమ్మాయిని అడుగుతాను, ఏ బ్రాంచి తీసుకుందామనుకుంటున్నావమ్మా అని. జవాబు నాన్న నోట్లోంచి వస్తుంది. మళ్ళీ అమ్మాయినే అడుగుతాను. ఆ పిల్ల నాన్న మొహంలోకి చూస్తుంది. అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది.

"చదవబోయేది మీరు కాదు కదండీ," అని ఒకసారి ఒక పెద్దమనిషితో అనేశాను.

"దానికేం తెలుసు మేడమ్, చిన్నపిల్ల," అన్నాడాయన నొచ్చుకుంటూ. పక్కనున్న ఆ చిన్నపిల్ల నాకంటే జానెడు పొడుగుంది.

కారణాలు మాత్రం భలేగా చెబుతారు. సివిల్ అయితే ఎండలో నిలబడాలంట. మెకానికల్ ఆడపిల్లకెందుకండీ, రేపు పెళ్ళిచూపుల్లో చేతులు చూసి ఏమనుకుంటారు? మా పక్కింటావిడ మరిది ఎలక్ట్రికల్ చేసి సబ్‌స్టేషన్లో ఉన్నాడండీ, హాయిగా కుర్చీలో కూర్చుంటాడు. కంప్యూటర్లయితే ఏసీ గది గ్యారంటీ కదండీ. ఉయ్యూరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఒంటరిగానే వచ్చి, "మా ఊరి బస్సు ఈ కాలేజీ ముందే ఆగుద్దండీ, అందుకని ఇక్కడే కావాలి," అంది. బ్రాంచి సంగతి అడిగితే, "ఏదైనా పర్లేదండీ, బస్సు అదే కదా," అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ పిల్ల నచ్చింది. కారణం ఎంత చిన్నదైనా అది ఆమె సొంతం.

ఈ ఏడాది నా పక్కన కొత్తగా చేరిన కుర్ర లెక్చరర్ కూర్చున్నాడు. టీ తాగుతూ, "అందర్నీ అడుగుతారు గానీ, మీరు ఎలక్ట్రానిక్స్ ఎందుకు తీసుకున్నారు మేడమ్?" అన్నాడు.

"సీటొచ్చింది, తీసుకున్నా," అన్నాను. అతను నవ్వేసి ఊరుకున్నాడు. కానీ ఆ మధ్యాహ్నమంతా నాకు ఏ సర్టిఫికెట్టూ సరిగ్గా కళ్ళకు ఆనలేదు. ఎందుకంటే ఆ బ్రాంచి నాది కాదు, మా అక్కది. అక్క చనిపోయాక అది నాకొచ్చింది.

మాది చల్లపల్లి పక్కన ఊరు. నాన్న హైస్కూల్లో అటెండరు, అమ్మ అంగన్‌వాడీలో ఆయా. ముగ్గురు పిల్లలం. అక్క, నేను, తమ్ముడు. మా పేటలో చర్చి మా ఇంటికి ఎదురుగానే ఉండేది. ఆదివారం ఆరాధనలో మైకు కీచుమన్నప్పుడల్లా పాస్టరుగారు ప్రసంగం ఆపి, ఆడవాళ్ళ వరసల్లో మా అక్క ఎక్కడుందా అని చూసేవారు. మేమంతా ఆయన్ని అయ్యగారూ అని పిలిచేవాళ్ళం. అక్క చున్నీ నెత్తిన సర్దుకుని లేచి వెళ్ళి, ఎడమచేత్తో ఏదో వైరు కదిపేది. మైకు బుద్ధిగా మాట్లాడేది. అక్కది ఎడమచేతి వాటం. అన్నం కూడా ఆ చేత్తోనే తింటోందని అమ్మ ఎన్నిసార్లు కొట్టినా మారలేదు. అలాంటి మనిషి ఎలక్ట్రానిక్స్ తీసుకుందంటే ఎవరూ ఎందుకని అడగలేదు. అక్కకు కారణం ఉంది. అది అందరికీ వినిపించేది కూడా.

విజయవాడలో పాలిటెక్నిక్‌లో చేరింది. హాస్టల్లో ఉండేది. రెండో సంవత్సరం మొదలైన కొత్తలో, తొలకరి వానలకు హాస్టల్లో జ్వరాలు వచ్చాయి. అక్కకూ వచ్చింది. ఇంటికి కబురొచ్చి నాన్న వెళ్ళేసరికే మాట తడబడుతోంది. ఆసుపత్రిలో చేర్చారు. వారం తిరక్కుండానే ప్రాణం లేని మనిషిని ఇంటికి తీసుకొచ్చారు. నేను అప్పుడు పదో తరగతి. అక్క ట్రంకు పెట్టెలో ఆ ఏడాది పుస్తకాలు ఉన్నాయి. కొత్తవి, కొన్నిటికి అట్టలు కూడా వేయలేదు. వాటి మీద ల్యాబులో వేసుకునే తెల్లకోటు మడతపెట్టి ఉంది. అమ్మ ఆ పెట్టె తీసి ఆ కోటును ఎండలో ఆరేసి మళ్ళీ మడతపెట్టేది. ఉతికేది కాదు, ఉత్తినే ఆరేసేది. స్కూలు నుంచి వచ్చేసరికి దండెం మీద ఆ కోటు కనిపిస్తే, నేను దొడ్డిదారిన ఇంట్లోకి వెళ్ళేదాన్ని.

మా వాళ్ళల్లో పోయినవాళ్ళకు ఏటా ఆ రోజున జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటాం. ఇంటి ముందు పందిరి వేసి, ఫోటోకి పూలదండ వేసి, పాటలు, వాక్యం, ప్రార్థన, ఆ తర్వాత భోజనాలు. ప్రార్థనకు ముందు అయ్యగారు ఒక మాట అడుగుతారు, మనవులేమైనా ఉన్నాయా అని. ఇంట్లోవాళ్ళు చెబుతారు. ఫలానా పిల్లాడి ఉద్యోగం, ఫలానా వాళ్ళ కీళ్ళనొప్పులు. ఆయన అవన్నీ మనసులో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కటీ మర్చిపోకుండా దేవుడికి చెబుతారు. ఏ మనవి ఎక్కడ వస్తుందా అని వినడం మాకు చిన్నప్పుడు సరదా.

అక్క మొదటి కూడికలో అయ్యగారు అలాగే అడిగారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "చిన్నదాని చదువు గురించి చేయండయ్యగారూ," అంది. అంతే అంది. నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. అప్పటికి నేను పదో తరగతి పాసై, ఎందుకైనా మంచిదని పాలిటెక్నిక్ ఎంట్రన్సు కూడా రాసి ఉన్నాను. ఎక్కడ చేరాలి, ఏం చదవాలి అన్న మాట ఇంట్లో ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఆ ఏడాది మా ఇంట్లో ఎవరూ ఏ మాటా ఎత్తలేదు.

అయ్యగారిది కంచు కంఠం. అందులోనూ అక్కంటే ఆయనకు ప్రాణం. నా చదువు దగ్గరికి వచ్చేసరికి ఆ కంఠం ఇంకా పెరిగింది.

"ప్రభువా, ఆ బిడ్డ సగంలో విడిచి వచ్చిన చదువును ఈ బిడ్డచేత పూర్తి చేయించు తండ్రీ. ఆ చేతుల్లోంచి జారిన పనిని ఈ చేతులకు అప్పగించు తండ్రీ."

పందిరంతా ఆమేన్ అంది. నేనూ అన్నాను. కళ్ళు మూసుకుని ఉన్నప్పుడు నోటికి దానంతట అదే వచ్చే మాట అది. కళ్ళు తెరిచేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. ఒక ముసలావిడ నా మొహం రెండు చేతులతో పట్టుకుని, "అచ్చం అదేనమ్మా," అని ఏడ్చింది. అమ్మ ఏడవలేదు. ఏడాదిలో మొదటిసారి అమ్మ కళ్ళల్లో ఏదో వెలుగు చూశాను. ఆ వెలుగు చూశాక నాకు ఇంకేదైనా అనడానికి నోరు రాలేదు.

అప్పట్లో కౌన్సెలింగ్ మనుషుల ఎదురుగానే జరిగేది. ఖాళీలు బోర్డు మీద రాసేవాళ్ళు. మా వంతు వచ్చింది. టేబుల్ వెనకాయన నా ర్యాంకు చూసి, "బాగా వచ్చిందమ్మా, కంప్యూటర్స్ దొరుకుద్ది, తీసుకోండి," అన్నాడు. అమ్మతోనే అన్నాడు. "వద్దండీ, ఎలక్ట్రానిక్సే ఇవ్వండి," అంది అమ్మ. ఆయన భుజాలెగరేసి రాసుకున్నాడు. ఒక్కసారి తలెత్తి నా వైపు చూస్తాడేమోనని చూశాను. చూడలేదు. ఇప్పుడు అదే వరస టేబుల్ వెనక కూర్చుని నేను నాన్నలను కసురుతున్నానంటే, నా కోపం వాళ్ళ మీద కాదని ఎవరికీ తెలియదు.

హాస్టల్లో ఉంచడానికి అమ్మ ఒప్పుకోలేదు. పటమటలో పిన్ని ఇంట్లో ఉండి కాలేజీకి వెళ్ళేదాన్ని. అక్క పుస్తకాలు, అక్క డ్రాయింగ్ సామాను, అక్క తెల్లకోటు. కోటు చేతులు కొంచెం పొడుగైతే అమ్మ లోపలికి మడిచి కుట్టింది. మొదటిరోజు ల్యాబులో సీనియర్లు నన్ను చూసి మాటలు ఆపేశారు. "నువ్వు ఆ అమ్మాయి చెల్లెలివా?" అని ఒకామె అడిగి, జవాబు వినకుండానే నా చెయ్యి నిమిరింది. ల్యాబు సారు మంచాయన. కిటికీ పక్క బల్ల చూపించి, "మీ అక్క ఇక్కడే కూర్చునేదమ్మా, నువ్వూ ఇక్కడే కూర్చో," అన్నారు. ఆయన ప్రేమగానే అన్నారు. ఆ బల్ల దగ్గర నా పక్కన కూర్చోవడానికి మాత్రం ఎవరూ రాలేదు. ఒకమ్మాయి ఉన్నమాట చెప్పేసింది, భయంగా ఉందే అని.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చేది. కాలే ఐరన్‌తో సీసం కరిగించి వైర్లు అతికే సోల్డరింగ్ చేస్తుంటే పొగ లేచి మొహానికి కొట్టేది. ఆ పొగలో ఎవరో నా భుజం మీదుగా వంగి, నేను చేసేది చూస్తున్నట్టు ఉండేది. చూసి పెదవి విరుస్తున్నట్టు కూడా ఉండేది. నా జాయింట్లు ఎప్పుడూ ముద్దలు ముద్దలుగా వచ్చేవి మరి. నేను తెలియకుండానే స్టూలు మీద కాస్త పక్కకు జరిగి చోటిచ్చేదాన్ని. "చచ్చినా నన్ను వదలవా నువ్వు?" అని ఒకరోజు పైకే అనేశాను. అన్నాక బాత్‌రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి వెక్కి వెక్కి ఏడ్చాను. అంతమాట అక్కను బతికుండగా ఎప్పుడూ అనలేదు.

రెండో సంవత్సరంలో ఒక సంగతి జరిగింది. మళ్ళీ అవే రోజులు, తొలకరి వాన, కిటికీ రెక్క టపటప కొట్టుకుంటోంది. బోర్డు మీద చిన్న సర్క్యూట్ ఏదో అతుకుతున్నాను. మనసు ఎక్కడో ఉంది. సారు నా వెనకగా వచ్చి ఆగిపోయారు. తర్వాత మెల్లగా, "ఏ చేత్తో చేస్తున్నావో చూసుకున్నావామ్మా?" అన్నారు.

సోల్డరింగ్ ఐరన్ నా ఎడమచేతిలో ఉంది. అప్పటికే నాలుగైదు జాయింట్లు అయిపోయాయి. నున్నగా, మెరుస్తూ, ఒక్క ముద్ద లేకుండా. నేను ఐరన్ కింద పెట్టేశాను. ఆ సాయంత్రం పిన్ని ఇంట్లో ఎడమచేత్తో చెంచా పట్టుకుని చూశాను. పప్పు కంచంలో పడకుండా నోటిదాకా రాలేదు. నేను కరెంటు పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని, ఇలాంటివి నమ్మను. నమ్మనని ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను. కానీ ఆ జాయింట్లు చేసింది నేను కాదు.

మూడో సంవత్సరానికి అక్క పుస్తకాలు అయిపోయాయి. బీసెంట్ రోడ్డులో కొత్తవి కొనుక్కున్నాను. ఇక నుంచి ఇది నా చదువు, ఊపిరి తీసుకోవచ్చు అనుకున్నాను. మొదటి పేజీ తెరిచాను. ఈ పుస్తకం అక్క కొననే లేదు. ఈ పేజీ దాకా అక్క రాలేదు. అంతవరకూ తరిమిన మనిషే తోడు కూడా అని నాకు అప్పుడు తెలిసింది. పుస్తకం మూసి పిన్ని దగ్గరికి వెళ్ళి, తలనొప్పిగా ఉందని చెప్పి పడుకున్నాను.

ఇంకోటి కూడా జరిగింది, ఎప్పుడు జరిగిందో నాకు గుర్తులేదు. మా తమ్ముడు అక్కను పెద్దక్క అని, నన్ను చిన్నక్క అని పిలిచేవాడు. ఒక సెలవుల్లో ఇంటికి వెళితే వాడు నన్ను అక్కా అన్నాడు. వాడు గమనించలేదు, అమ్మ గమనించలేదు. చిన్నక్క ఎక్కడికి పోయిందిరా అని అడుగుదామనుకున్నాను. అడిగితే అందరూ భోజనాలు మానేస్తారని ఊరుకున్నాను.

ఆ తర్వాత బీటెక్, ఎంటెక్, ఉద్యోగం. అబద్ధం ఎందుకు, ఆ చదువు నాకు అన్నం పెట్టింది. పాఠం బాగా చెబుతానని పిల్లలంటారు. నాన్న పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "మీ అక్క కోరిక తీర్చావమ్మా," అన్నాడు. అక్క అలాంటి కోరిక ఏదీ నాతో అనలేదు. తన పుస్తకాలు ముట్టుకుంటే వేళ్ళు విరగ్గొడతానంది గానీ.

కొన్నేళ్ళ కిందట మంగళగిరిలో చీరలు కొందామని వెళ్ళి, అయ్యగారు అక్కడే కూతురింట్లో ఉంటున్నారని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. బాగా పెద్దవారైపోయారు. చూపు ఆనడం లేదు, గొంతును బట్టి నన్ను గుర్తుపట్టారు. కాఫీ తాగాక, ఎన్నేళ్ళనుంచో లోపల నలుగుతున్నది అడిగేశాను.

"అయ్యగారూ, మా అక్క కూడికలో నేను అక్క చదువు పూర్తి చేయాలని ప్రార్థన చేశారు కదా. ఆ మాట మీకు మా అమ్మ చెప్పిందా?"

ఆయన ఖాళీ గ్లాసును తడుముకుంటూ కింద పెట్టారు. "చదువు గురించి చేయమంది కదమ్మా మీ అమ్మ. అంటే అదే ఆమె ఉద్దేశం అనుకున్నాను. కాదా?"

"తెలియదండీ."

"ప్రార్థనలో ఒక్కోసారి మాట దొర్లుద్దమ్మా. ఆ పిల్ల మీద దుఃఖం అలాంటిది నాకు." తర్వాత నా వైపు తిరిగి, ఎటో చూస్తూ, "మంచే జరిగింది కదా?" అన్నారు.

"మంచే జరిగిందండీ," అన్నాను.

ఆ ఆదివారం ఊరెళ్ళి అమ్మను అడిగాను. "నేనెప్పుడన్నానే? నువ్వు బాగా చదువుకోవాలని చేయమన్నాను. ఎలక్ట్రానిక్స్ అని దేవుడే అయ్యగారి నోట పలికించాడు," అంది అమ్మ. ఆ కోరిక అమ్మదని అయ్యగారు అనుకున్నారు, దేవుడిదని అమ్మ అనుకుంది, అక్కదని నాన్న అనుకున్నాడు. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాయం. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నవ్వుకున్నాను. పామర్రు వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

ఈ సంవత్సరం మా తమ్ముడి కూతురు పదో తరగతి పాసైంది. పాలిటెక్నిక్ ఎంట్రన్సులో మంచి ర్యాంకు కూడా తెచ్చుకుంది. తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు చల్లపల్లిలో రొయ్యల మేత షాపు నడుపుతున్నాడు. అమ్మ వాళ్ళ దగ్గరే ఉంటుంది.

"అక్కా, పిల్లకి ఎలక్ట్రానిక్స్ పెట్టిద్దామంటోంది అమ్మ. పెద్దక్క కూడికలో కొత్త అయ్యగారి చేత ప్రార్థన కూడా చేయిస్తానంటోంది. సీటు సంగతి కాస్త నువ్వు చూడు."

"పిల్లనడిగావా?" అన్నాను.

"దానికేం తెలుసక్కా."

నేను ఫోన్ పెట్టేశాను. కూడికకు ఎప్పుడూ ఆ పూటకే వెళ్ళేదాన్ని. ఈసారి ముందురోజే బయల్దేరాను.

తమ్ముడి షాపు వెనక చిన్న గది ఉంది. రైతులు చెరువుల్లోంచి సీసాల్లో నీళ్ళు, సంచుల్లో రొయ్యలు తెస్తే అక్కడ పరీక్ష చేస్తారు. నా మేనకోడలు ఆ గదిలోనే ఉంది. మైక్రోస్కోపు మీద వంగి ఉన్నది నన్ను చూసి, కాళ్ళు కడుక్కున్నావా, కాఫీ తాగావా అని కూడా అడగలేదు. "అత్తా, రా, మొప్పలు చూద్దువు గాని," అంది. చూశాను. ఏవో సన్నటి దువ్వెన పళ్ళు. వాటి మీద ఏవో అటూ ఇటూ పాకుతున్నాయి.

"ఇవి ఎక్కువైతే రొయ్య ఊపిరాడక పైకి వచ్చేసుద్ది. చెరువుగట్టు మీద నిలబడి చూస్తే నీళ్ళు మామూలుగానే ఉంటాయత్తా. చుక్క తీసి ఇక్కడ పెడితే లోపల ఊరంత జనం."

"ఇదంతా నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు. చూస్తూనే ఉంటా. ఫిషరీస్ డిప్లొమా ఉందంట కదా, పాలిటెక్నిక్ లాగే. అందులో ఇదే పని రోజంతా." మొహం వెలిగిపోతోంది దానికి.

"మరి మీ నాన్నకి చెప్పావా?"

కళ్ళు దించుకుంది. "నానమ్మ ఏడుస్తుంది కదత్తా. ఎలక్ట్రానిక్సే చదివేస్తాలే. నువ్వు కూడా చదివేశావు కదా."

ఆ గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. కూర మిగిలింది, తినేస్తాలే అన్నట్టుంది. నేను పక్కనున్న మేత బస్తా మీద కూర్చుండిపోయాను. మా ఇంట్లో అక్క ఇంకా తిరుగుతూనే ఉంది. నన్ను చదివించి ఊరుకోలేదు, ఇప్పుడీ పిల్ల భుజం మీదుగా వంగి చూస్తోంది. అక్క చేసిందేమీ లేదు పాపం, మేమే ఆమెను పోనివ్వడం లేదు.

ఇంటికి వెళ్ళి అమ్మ దగ్గర కూర్చున్నాను. అమ్మ మర్నాటి భోజనాలకు వెల్లుల్లి ఒలుస్తోంది.

"అమ్మా, పిల్ల ఫిషరీస్ చదువుతుందంట."

"చేపల చదువా? చేపలు పట్టడానికి కాలేజీ ఎందుకే? ఇద్దరు అత్తలు చదివిన చదువుంటే!"

"ఇద్దరు కాదమ్మా. అక్క సగం చదివింది. మిగతా సగం నేను చదివాను. అయిపోయింది. ఆ చదువు పూర్తయిపోయింది. ఇంకా ఎంతమంది చేత చదివిస్తావు?"

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. అమ్మ వెల్లుల్లి ఒలవడం ఆపి, పొట్టు వేళ్ళకు అంటుకుని ఉంటే అలాగే కూర్చుంది. తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు. కాసేపటికి అమ్మ మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది. రాత్రి నాతో మాట్లాడలేదు, అన్నం మాత్రం వడ్డించింది.

మర్నాడు కూడిక. పందిరి, కుర్చీలు, అక్క ఫోటో. ఫోటోలో అక్క ఇప్పుడు నా స్టూడెంట్ల వయసు పిల్ల. కొత్త పాస్టరుగారు కుర్రవాడు, అక్కను ఎప్పుడూ చూడలేదు. పాటయ్యాక బైబిలు మూసి, "ప్రార్థన మనవులేమైనా ఉంటే చెప్పండమ్మా," అన్నారు.

అమ్మ తలెత్తింది. నా మేనకోడలు చాప మీద, చున్నీ నెత్తిన కప్పుకుని, అప్పుడే కళ్ళు మూసేసుకుని ఉంది.

"పిల్లల చదువుల గురించి ఏమీ వద్దండి," అన్నాను నేను, అమ్మ నోరు తెరిచేలోగా. "ఎవరి చదువు వాళ్ళే చెప్పుకుంటారు. పోయినావిడ గురించి చేయండి, చాలు."

పందిట్లో గుసగుసలు. ప్రార్థనకు అడ్డం పడిన మనిషిని మా పేటలో ఎవరూ చూసి ఉండరు. పాస్టరుగారు బిత్తరపోయి, సరేనమ్మా అని కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. చివరిదాకా ఆ పిల్ల మొహాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎవరి మాటా వచ్చి దాని నెత్తిన పడకుండా ప్రార్థన అయిపోయింది. భోజనాల దగ్గర తమ్ముడు నా విస్తట్లో కోడికూర వేస్తూ, "ఫిషరీస్‌కి ఎలా పెట్టుకోవాలో కనుక్కుంటాలే అక్కా," అన్నాడు, నా మొహం చూడకుండా.

అందరూ వెళ్ళాక సాయంత్రం అరుగు మీద అమ్మా నేనూ మిగిలాం. పందిరి విప్పుతున్నారు. అమ్మ నా వైపు చూడకుండానే అడిగింది.

"నీకు ఇష్టం లేకుండానే చదివావా ఇన్నేళ్ళూ?"

అవునంటే అబద్ధం, కాదన్నా అబద్ధమే. ప్రతి జూన్‌లోనూ నేను పరాయి పిల్లలను అడిగే ప్రశ్నే అది. నన్ను అడిగిన మొదటి మనిషి మా అమ్మ, అదీ ఇన్నేళ్ళకు. జవాబు కోసం లోపల ఎంత వెతికినా, ఆ ప్రార్థనకు ముందున్న పిల్ల నాకు దొరకలేదు. ఏం ఇష్టపడేదో, పెద్దయ్యాక ఏమవుతాననేదో ఒక్కటీ గుర్తురాలేదు. అమ్మకు తెలిసి ఉంటుందనిపించింది. తల్లికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"నేను చిన్నప్పుడు ఏమవుతాననేదాన్నమ్మా?" అన్నాను.

అమ్మ మొహం విప్పారింది. నిన్నటి నుంచి ఉన్న అలకంతా పోయింది.

"నువ్వా? రైలు నడుపుతాననేదానివి! బెజవాడ స్టేషన్లో చెయ్యి వదిలించుకుని పారిపోయావు. నేనూ మీ నాన్నా గుండెలు బాదుకుంటూ వెతికితే, ఇంజిను దగ్గర నిలబడి ఉన్నావు. దీన్ని నేనే నడుపుతా, ఇంటికి రానని ఒకటే ఏడుపు. మీ నాన్న భుజాన వేసుకుని తెచ్చాడు. ఊరొచ్చేదాకా కూత పెడుతూనే ఉన్నావు." అమ్మ నవ్వుతోంది. కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. "గుర్తులేదే నీకు?"

ఆ కథ నాన్న నాకు చాలాసార్లు చెప్పాడు. ఇంజిను దగ్గర దొరికింది అక్క. ఆ రోజు నేను అమ్మ చంకలో ఉన్నాను.

"గుర్తొచ్చిందమ్మా," అన్నాను.